నేను గెలిచిన రాయి

మదనపల్లెలో మా ఇంటి హాల్లో, టీవీ పక్కన, చాలాకాలం ఒక చోటు ఖాళీగా ఉండేది. అక్కడ ఎవరినీ ఏమీ పెట్టనిచ్చేవాణ్ణి కాదు. పూలకుండీ పెడితే తీసేసేవాణ్ణి. పెళ్లికి ఎవరో చదివించిన గోడ గడియారం అట్టపెట్టెతో సహా అక్కడ పెడితే మంచం కిందకు తోసేవాణ్ణి. ఇంటికొచ్చినవాళ్లు అక్కడేం వస్తుందని అడిగితే నా భార్య నా వైపు చూసేది. చెప్పుకోవాల్సిన ఖర్మ నాదే అని దాని అర్థం. “రాయి వస్తుంది” అని చెప్పేవాణ్ణి. వాళ్లు కాఫీ తాగి మాట మార్చేవాళ్లు.

ఆ రాయి సంగతి తెలియాలంటే ముందు ఫ్రాన్సు దాకా పోయి రావాలి. ఆ దేశం ఉత్తరాన ప్రతి ఏప్రిల్‌లో ఒక ఆదివారం పెద్ద సైకిల్ పందెం జరుగుతుంది. దారిలో సగం దూరం దాటాక తారురోడ్డు వదిలి పొలాల మధ్య ఎప్పటివో రాళ్లు పరిచిన బాటల్లోకి దించుతారు. ఒక్కో రాయి ముక్కలు కోయని బ్రెడ్డంత. ఒకటి లేస్తే పక్కది కుంగి ఉంటుంది. ఎండ కాస్తే దుమ్ము, వాన పడితే బురద. ప్రపంచంలోకెల్లా మేటి రైడర్లు ఆ రాళ్ల మీద దడదడలాడుతూ పోయి, పడి, లేచి, అరచేతులు బొబ్బలెక్కి చివరికి చేరుకుంటారు. గెలిచినవాడికి ఇచ్చే బహుమతి ఆ బాటలో పరిచే రాయే ఒకటి, పీఠం మీద పెట్టింది. వాడు దాన్ని నెత్తి మీదికెత్తి, ముద్దు పెట్టుకుని, ఏడుస్తాడు. మొదటిసారి టీవీలో చూసినప్పుడు వాడితో పాటు నేనూ ఏడ్చాను.

నా భార్యది తంబళ్లపల్లె వైపు మెట్ట పల్లె. బస్సు దిగి ఇంటికి నడవడానికే ఒక పూట పట్టే ఊరు. ఆమె నా వెనక నిలబడి కాసేపు చూసింది.

“అంత డబ్బుండే దేశం. ఆ కాస్త దోవకు తారు ఎయ్యలేరా?” అంది.

కావాలనే వేయరని చెప్పాను. ఆ రాళ్లు చెదిరిపోకుండా కాపాడటానికి అక్కడ ఒక సంఘం కూడా ఉందనీ, ఆ సంఘం వాళ్లు సెలవు రోజుల్లో వచ్చి మోకాళ్ల మీద కూర్చుని రాళ్లు సర్దుతారనీ చెప్పాను.

“రోడ్డు బాగుపడకుండా సంఘమా? మనకు సంఘం లేకుండానే జరుగుతాండాది కదా” అని వంటింట్లోకి పోయింది.

ఆమెకు రేసు మీద ఉన్న గౌరవం అంతే. నాకు మాత్రం ఆ రోజు నుంచి పిచ్చి పట్టింది. నేను ఒక ఆఫీసులో అకౌంట్సు చూసే మనిషిని. మా నాన్న రోడ్డు పనుల్లో కంకర కొట్టిన కూలి. చదివించి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది ఆ రాళ్ల నుంచి తప్పించడానికే. నేనేమో జీతం కూడబెట్టి లావు టైర్ల సైకిలు కొనుక్కుని మళ్లీ రాళ్లు వెతుక్కుంటూ బయల్దేరాను. ఆయన బతికుంటే ఏమనేవాడో అనుకుంటాను. ఏమీ అనేవాడు కాదు, కొట్టేవాడు.

ఆ రేసులో ఒక్కో రాళ్ల బాటకు కష్టాన్ని బట్టి చుక్కలు ఇస్తారు. ఒక చుక్క అంటే పరవాలేదు, అయిదు చుక్కలంటే దేవుడే దిక్కు. నేను మదనపల్లెకూ చుక్కలు ఇవ్వడం మొదలుపెట్టాను. మా వీధి, పైపుల కోసం తవ్వి మూయకముందు రెండు చుక్కలు, మూసిన తర్వాత నాలుగు. టమోటా మార్కెట్టు వెనకదారి ఎండాకాలంలో మూడు, సీజన్లో కుళ్లిన కాయలు పడి జారుతుంది కాబట్టి అయిదు. ఈ చుక్కలు ఆఫీసులో చెబితే ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగాడు.

పిచ్చికి తోడు దొరకడం కష్టం కాదు, ఫోను ఉంటే చాలు. రేసు వీడియోల కింద వ్యాఖ్యలు రాసుకుంటూ ఇద్దరు పరిచయమయ్యారు. ఒకాయన పుంగనూరులో ఉంటాడు, సదుం వైపు ఒక బడిలో డ్రిల్లు మాస్టారు. మనిషి కమ్మీలా ఉంటాడు, ఎంత తొక్కినా ఆయాసం రాదు, అది నాకు నచ్చదు. ఇంకొకడు కుప్పంలో గ్రానైటు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తెలుగులో మొదలుపెట్టి తమిళంలోకి పోయి కన్నడంలో తేలుతాడు. అందరినీ మచ్చా అంటాడు, అంటే బావా అని. ముగ్గురం కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఫ్రాన్సులో రేసు జరిగే ఆదివారం పొద్దున మా రేసు మేం పెట్టుకోవాలి, మధ్యాహ్నం మాస్టారి ఇంట్లో కూర్చుని అసలు రేసు చూడాలి. ఇదీ మా ఒప్పందం. బహుమతి రాయే. గ్రానైటు చేతిలో ఉన్నవాడు కాబట్టి అది కుప్పం మిత్రుడి బాధ్యత.

మొదటి ఏడాది పుంగనూరు దగ్గర తారు లేచిపోయిన దారిలో పందెం పెట్టాం. మాస్టారు గెలిచాడు. రెండో ఏడు గుడుపల్లె దగ్గర క్వారీ లారీలు తిరిగే దారి. కుప్పం మిత్రుడు గెలిచాడు, అది వాడికి రోజూ తిరిగే దారి, అన్యాయం. రెండుసార్లూ నేను మూడో స్థానం. ముగ్గురిలో మూడో స్థానాన్ని ఏమంటారో నా భార్య చెప్పింది, ఇక్కడ రాయను. వాళ్లిద్దరి ఇళ్లలోనూ టీవీ పక్కన నల్లటి, నున్నటి రాళ్లు కూర్చున్నాయి. మాస్టారి భార్య ఆ రాయి మీద లేసు గుడ్డ కప్పింది. నాకు అది చూస్తే కడుపు మండేది. దాచుకోవడమెందుకు, బాగా మండేది.

మూడో ఏడు మొదట్లో నా భార్య తేల్చి చెప్పేసింది.

“ఈ తూరి రాయి రాలేదంటే ఆడ చేపల తొట్టి పెడ్తాను. మాటంటే మాటే.”

చేపల తొట్టి ఆమెకు పెళ్లయినప్పటి నుంచీ కోరిక. సరే అన్నాను. అంటే, ఓడిపోతే నా రాయి స్థానంలో రంగు చేపలు తిరుగుతాయి. మనిషి బాగా తొక్కడానికి ఇంతకంటే ఏం కావాలి.

ఆ ఏటి దారిని కనిపెట్టింది నేనే. సదుం వైపు ఒక పల్లెకు పోయే రోడ్డు అది. ఎప్పుడో పెద్ద పెద్ద రాళ్లు పక్కపక్కన నిలబెట్టి పరిచారు. దాని మీద కంకర, కంకర మీద తారు రావాల్సి ఉండగా పని ఆగిపోయింది. ఎందుకాగిందో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. పైన పోసిన మట్టి వానలకు కొట్టుకుపోయి రాళ్ల నెత్తులు బయటికి తేలాయి. రెండు పక్కలా టమోటా తోటలు, మధ్యలో ఊరి దాకా రాళ్ల బాట. మొదటిసారి ఆ మలుపు తిరిగి దాన్ని చూసినప్పుడు సైకిలు దిగి చేతులు జోడించాను. అయిదు చుక్కలు, ఇంకో మాట లేదు.

దారి చూసుకోవడానికి ఒక్కణ్ణే ఒక సెలవు రోజున మళ్లీ పోయాను. టేపు పెట్టి రాళ్ల మధ్య సందులు కొలిచాను, ఎంత లావు టైరు వేసుకోవాలో తేల్చుకోవడానికి. వంగి ఫోటోలు తీశాను. కొన్ని రాళ్లను కాలితో తట్టి కదులుతున్నాయేమో చూశాను. ఊరి మొదట్లో బస్సు షెల్టరు పక్కన ఒక ముసలమ్మ అంగడి ఉంది. బీడీలు, షాంపూ పొట్లాలు, బొరుగులు. ఆమె బయటికొచ్చి నా బిగుతు నిక్కరును కాసేపు పరిశీలించింది.

“ఏం సేస్తాండావప్పా?”

“కొలతలు సూస్తాండానమ్మా.”

“రాళ్లకా?”

“అవును.”

ఆమె లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. చెంబు పెద్దది. పల్లె జనం మంచివాళ్లు అనుకుని తాగి వచ్చేశాను. ఆ మజ్జిగ ఎవరనుకుని ఇచ్చిందో నాకు తర్వాత అర్థమైంది.

పందెం రెండు రోజులు ఉందనగా కుప్పం మిత్రుడు రాయి ఫోటో గ్రూపులో పెట్టాడు. ఈసారి వాడికి ఉత్సాహం ఎక్కువైంది. ముందటి రెండు ఏళ్లవి అరచేతిలో పట్టే రాళ్లు. ఇది ఏకంగా చిన్న బండ. నల్ల గ్రానైటు, అంచులు చెక్కి, అద్దంలా పాలిష్ పట్టి ఉంది. పైన బంగారు రంగు అక్షరాల్లో ఆ ఆదివారం తేదీ, దాని కింద మదనపల్లె, పుంగనూరు, కుప్పం అని మూడు ఊళ్లు. గెలిచినవాడి పేరు తర్వాత చెక్కిస్తానన్నాడు. అంత బరువు సైకిలు మీద తేలేం కాబట్టి, శనివారం పీలేరుకు వంటింటి బండలు దించడానికి పోయే తమ ఫ్యాక్టరీ పికప్‌లో తానే తెచ్చి, పందెం ముగిసే చోట ముందే పెట్టేస్తానన్నాడు. శనివారం మధ్యాహ్నం ఫోను చేశాడు.

“పెట్టేసినా మచ్చా. బస్సు షెల్టరు గోడకు ఆనించినా.”

“ఎవరికైనా సెప్పినావా?”

“అంగడి మూసుండాది. ఎవురూ లేరు.”

“మరి ఎవరన్నా ఎత్తుకోని పోతే?”

“రాయిని ఎవురు ఎత్తుకోని పోతారు మచ్చా?”

నిజమే అనిపించింది. చిత్తూరు జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లం, రాయికి కాపలా పెట్టాలనే ఆలోచన మాకెట్లా వస్తుంది.

ఆదివారం తెల్లారాక పుంగనూరు బయట ముగ్గురం కలిశాం. కుప్పం మిత్రుడు రాత్రి మాస్టారి ఇంట్లోనే పడుకుని, వాళ్లావిడ చేసిన రాగిముద్ద తిని వచ్చాడు. తారు ఉన్నంతసేపూ మాస్టారు ముందు, మేమిద్దరం ఆయన నీడలో దాక్కుని వెనక. రాళ్లు మొదలవగానే కుప్పం మిత్రుడి టైరు పేలింది. గాలి తగ్గించుకోరా అని వారం నుంచీ చెబుతున్నాను, వినలేదు. నిన్ను తల్చుకుంటాను అని అరిచి ముందుకు పోయాను.

ఇక మాస్టారు. ఆయన నాకు కరెంటు స్తంభాల మధ్య దూరమంత ముందున్నాడు. దూరం పెరుగుతూనే ఉంది. నా చేతులు మొద్దుబారిపోయాయి, పళ్లు టకటకలాడుతున్నాయి, కళ్ల ముందు రెండేసి మాస్టార్లు కనిపిస్తున్నారు. ఎర్రచేపలు, నల్లచేపలు మనసులో తిరగడం మొదలైంది. అప్పుడు పక్క పొలంలోంచి ఒక మనిషి మోపెడ్ మీద దారిలోకి వచ్చి మాస్టారి పక్కన పోసాగాడు.

“సా, నమస్తే సా. మావోడు లెక్కల్లో పోతాడంట, నిజమేనా సా?”

ఉపాధ్యాయుడికి బడి చుట్టుపక్కల ఆదివారం ఉండదు. మాస్టారు పరువు గల మనిషి, తండ్రి మాటకు జవాబు చెప్పకుండా పోలేడు. ఏదో చెబుతూ తొక్కుడు తగ్గించాడు. ఆ మనిషి ఇంగ్లీషు సంగతి కూడా ఎత్తాడు. నేను ఎడమ పక్క నుంచి దాటేశాను. దాటేటప్పుడు “సైన్సు కూడా అడగప్పా” అని ఆ తండ్రికి చెప్పాను. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఫ్రాన్సులోనూ ఇట్లాంటివి జరుగుతాయి.

చివరి మలుపు తిరిగాను. ఊరు కనిపించింది. కనిపించింది ఊరు కాదు, జనం. దారికి రెండు వైపులా ఆడవాళ్లు, మగవాళ్లు, చంకన పిల్లలు. మామిడాకుల తోరణం. పలక డప్పులు మోగుతున్నాయి. దారికి అడ్డంగా ఎర్రటి రిబ్బను కట్టి ఉంది.

మా రేసు సంగతి వీళ్లకెట్లా తెలిసింది? మాస్టారు చెప్పి ఉంటాడు, గొప్పవాడు, అనవసరంగా సైన్సు అన్నాను అనుకున్నాను. జనం చేతులూపుతున్నారు, అరుస్తున్నారు. రాళ్ల మోతలో ఒక్క మాటా వినపడలేదు. నన్ను పొమ్మనే అరుస్తున్నారనుకుని లేచి నిలబడి తొక్కాను. ఇన్నేళ్లు టీవీలో చూసింది నా ముందే ఉంది. చేతులు రెండూ పైకెత్తి, కళ్లు మూసుకుని, రొమ్ముతో ఆ రిబ్బను తెంపుకుని పోయాను. అంత సంతోషం నా పెళ్లిలో కూడా కలగలేదు. నా భార్య ఇది చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

కళ్లు తెరిచేసరికి పలకలు ఆగిపోయాయి. ఎదురుగా అంగడి ముసలమ్మ కొత్త చీర కట్టుకుని పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్లెంలో పసుపు, కుంకుమ, కత్తెర.

“ఆగప్పా ఆగప్పా అని ఇంతసేపు అరిస్తిమి గదప్పా” అంది ఆమె నీరసంగా.

బస్సు షెల్టరు పక్కన కొత్తగా కట్టిన సిమెంటు దిమ్మె ఉంది. దాని మీద, పెళ్లిళ్లలో వేసే జరీ తెర గాలికి తొలగగా దాని వెనక, పసుపు పూసి బొట్లు పెట్టి పూలదండ వేసిన నా రాయి నిలబడి ఉంది.

జరిగింది తెలుసుకోవడానికి కాస్త సమయం పట్టింది. మా ప్రాంతంలో పాలిష్ పట్టిన నల్లబండ మీద బంగారు అక్షరాలతో తేదీ, ఊళ్లు ఉంటే అది ఒక్కటే అవుతుంది, శంకుస్థాపన ఫలకం. ముందొక మనిషి వచ్చి టేపుతో రోడ్డు కొలిచిపోయాడు. తర్వాత పికప్‌లో ఫలకం దిగింది. దాని మీద తేదీ చూస్తే రేపే. మూడు ఊళ్ల పేర్లున్నాయంటే ఈ రోడ్డును అంత దూరం కలపబోతున్నారు. ఇంకేం కావాలి? ఆఫీసులకు ఫోను చేస్తే శనివారం సాయంత్రం ఎవరూ ఎత్తలేదు. నాయకుడు వచ్చేసరికి ఫలకం గోడకు ఆనించి ఉంటే ఊరి పరువేం కావాలని, ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన సిమెంటు ఇచ్చాడు, మేస్త్రీ ఉచితంగా పని చేశాడు.

“ఫలకమంటే దాని మీద నాయకుల పేర్లు ఉండాల కదప్పా?” అన్నాను ఊరి పెద్దాయనతో.

“మేమూ అదే అనుకొంటిమి. ఎవురి పేరు పైన రావాలని తగాదా వచ్చుంటాది, అందుకే తేదీ మాత్రం ఏసి పంపించినారు, పేర్లు తర్వాత సెక్కుతారులే అనుకొంటిమి.”

అట్లా జరగడానికి పూర్తిగా అవకాశం ఉంది.

ఈలోగా మాస్టారు, ఆయన వెనకే సైకిలు నడిపించుకుంటూ కుప్పం మిత్రుడు చేరుకున్నారు. మేం ముగ్గురం విడమరిచి చెప్పాం. ఇది సైకిల్ పందెం, ఇది గెలిచినవాడికి బహుమతి.

“గెలిస్తే రాయి ఇస్తారా?” ముసలమ్మ అడిగింది.

“అవునమ్మా.”

“దానికి ఇంత దూరం యాల వచ్చినారు? ఈ దోవంతా ఉండేది అదే గదా. కావల్సినన్ని ఎత్తుకోని పోండి.”

జనం నవ్వారు, కానీ ఎక్కువసేపు నవ్వలేదు. ఆడవాళ్లు పళ్లాలు కింద పెట్టారు. పలక వాయించేవాళ్లు పలకలు భుజాన వేసుకున్నారు. పెద్దాయన మెల్లగా, మర్యాదగా, నా వస్తువు నన్ను తీసుకుపొమ్మన్నాడు. సిమెంటు గట్టిపడిందని గడ్డపార కూడా తెప్పించి ఇచ్చాడు.

గడ్డపార చేతిలోకి తీసుకున్నాను. ఇందులో మొహమాటం పడటానికి ఏముంది? మూడేళ్ల చెమట అది. కుప్పం మిత్రుడు రాయి గీసుకుపోకుండా ఎక్కడ పెట్టి పొడవాలో చూపిస్తున్నాడు. మాస్టారు, తాను ఓడిపోయినందుకేమో, రాయి ఇంటికి చేరితేనే గెలిచినట్టు లెక్క అని గుర్తుచేశాడు. దిమ్మె అంచున గడ్డపార మొన ఆనించాను.

అప్పుడు తోటల వైపు నుంచి ఒక ఆటో వచ్చింది. వెనకంతా టమోటా క్రేట్లు, తాడుతో కట్టినవి. ఒక్కో రాయి ఎక్కి దిగుతూ, అటూ ఇటూ ఒరుగుతూ, మనిషి నడక కంటే నిదానంగా వస్తోంది. కింది క్రేట్లలోంచి ఎర్రటి రసం కారి రాళ్ల మీద చారలు పడుతోంది. డ్రైవరు మా దగ్గర ఆపాడు. నా చేతిలో గడ్డపార చూశాడు, బొట్లు పెట్టిన రాయిని చూశాడు.

“పని మొదలుపెట్టినారా సా?” అన్నాడు. “నిదానంగానే సెయ్యండి. కాయలు మార్కెట్టుకు పొయ్యేలోగా సట్నీ అయిపోతాండాయి. ఈ సీజను అందుకుంటే సాలు.”

కుర్రవాడేం కాదు, నా వయసే ఉంటుంది. నా వైపు ఎంత నమ్మకంగా చూశాడంటే, నాకు వాడి మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంకో అయిదు నిమిషాలు ఆగి వచ్చి ఉంటే రాయి నా ఒళ్లో ఉండేది. ఎంత పొడవబోయినా ఆ గడ్డపార నా చేతిలో ముందుకు కదల్లేదు. దాన్ని పెద్దాయనకు తిరిగి ఇచ్చేశాను.

“ఉండనీండి. ఈడే ఉండనీండి” అన్నాను.

“ఉట్టి రాయి ఉంటే రోడ్డు వస్తాదా?” అని అడిగింది ముసలమ్మ. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. తెలియదన్నాను. సరేలే అని, ఎట్లాగూ పళ్లెం తెచ్చింది కాబట్టి, నా సైకిలు హ్యాండిలుకు కుంకుమ బొట్టు పెట్టింది. నాయకుడికి చేసిన పులిహోర మాకు పెట్టారు. మాస్టారు రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆ మధ్యాహ్నం మాస్టారి ఇంట్లో అసలు రేసు చూస్తున్నంతసేపూ ఆయన టీవీ పక్కనున్న లేసు గుడ్డనే చూస్తూ కూర్చున్నాను. అక్కడ ఎవరో గెలిచి, రాయి ఎత్తి ఏడ్చారు. ఎవరో గుర్తు లేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆ ఊరివాళ్లెవరో నేను రిబ్బను తెంపిన వీడియో తీశారు. అది మండలమంతా తిరిగింది. బిగుతు నిక్కరు వేసుకున్న ఒక గుర్తుతెలియని మనిషి ప్రోటోకాల్ లేకుండా రోడ్డుకు శంకుస్థాపన చేశాడు, ఇదీ కింద రాసింది. అధికారంలో ఉన్నవాళ్లు అది ఎదుటివాళ్ల పని అన్నారు. ఎదుటివాళ్లు ఒకరోజు ఆలోచించి, అవును మేమే వేయించాం, మేం అడిగితే గానీ రోడ్డు గుర్తురాలేదా అన్నారు. ఇంజినీరు వచ్చి ఫలకం పీకేయిస్తానన్నాడు. పసుపు కుంకుమలు పెట్టిన రాయిని పీకితే ఊరికి మంచిది కాదని ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. ఆ మాట వినగానే పనివాళ్లు గడ్డపారలు కింద పెట్టేశారు. పీకడానికి లేదు, అట్లా వదిలేస్తే ఎదుటివాళ్ల పేరు నిలిచిపోతుంది. ఇక మిగిలిన దారి ఒకటే, రోడ్డు వేయడం. వానాకాలం లోపలే వేస్తామని ప్రకటన వచ్చింది. నా రాయి పక్కన దానికి రెండింతల ఫలకం లేచింది. దాని నిండా పేర్లే.

అంటే, జిల్లాలో ఏడాది పొడుగునా అయిదు చుక్కలుండే ఒక్క బాటకు నేను గెలిచిన పందెమే ఎసరు పెట్టింది. గ్రూపులో ఈ వార్త పెడితే కుప్పం మిత్రుడు ఏడుపు బొమ్మలు వరసగా పెట్టాడు. ఫ్రాన్సులో రాళ్లను కాపాడే సంఘం ఉంటే, ఇక్కడ నేనొక్కణ్ణే సంఘంగా మిగిలాను, అదీ తారు వైపు. చాలా బాధపడ్డాను. ఆ ఆటో గుర్తొచ్చినప్పుడు సంతోషం కూడా వేసేది. రెండూ ఒకే పూట వచ్చేవి.

తారు వేయడం మొదలైందని తెలిసిన వారం, చివరిసారి చూసి వస్తానంటే నా భార్య తానూ వస్తానంది. ఇద్దరం స్కూటర్ మీద పోయాం. జేసీబీ రాళ్లను పెళ్లగించి పక్కన కుప్పలు పోస్తోంది. సగం దూరం ఇప్పటికే నల్లగా, నున్నగా అయిపోయింది. దాని మీద ఒక టమోటా ఆటో చప్పుడు లేకుండా మమ్మల్ని దాటి పోయింది. వెనక చక్రాల కింద ఒక్క ఎర్రచుక్క లేదు. నా రాయి దిమ్మె మీదే ఉంది, కొత్త దండతో. పక్కనున్న పెద్ద ఫలకానికి మాత్రం దండ లేదు.

ముసలమ్మ నన్ను గుర్తుపట్టి అంగట్లోంచి బయటికొచ్చింది. నా భార్యను చూసి, “మీ ఆయన గెల్సింది మేము పెట్టుకొంటిమి, ఏమనుకోవాకమ్మా” అంది.

నా భార్య రాళ్ల కుప్ప దగ్గరికి పోయి, చాలాసేపు ఏరి, కొంగుతో తుడిచి, బ్రెడ్డంత రాయి ఒకటి తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

“ఆ ఫ్రాన్సోళ్లు ఇచ్చేది దోవలో ఉండే రాయే కదా. మీ కుప్పమాయన పాలిష్ పట్టింది కాదు కదా?”

కాదన్నాను. మూడేళ్లుగా ముగ్గురం మగవాళ్లకు తట్టని సంగతి అది. రాయిని నెత్తి మీదికెత్తాను, ముద్దు పెట్టుకున్నాను. ఎండిన టమోటా రసం వాసన వేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, జేసీబీ దుమ్ము అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

“సాల్లే, దించండి. జనం సూస్తాండారు” అంది నా భార్య.

మాట ప్రకారం టీవీ పక్కన చేపల తొట్టి వచ్చింది. రాయి ఇంటికొచ్చింది కాబట్టి తొట్టి రాకూడదని నేను వాదించాను, గెలవలేదు. చివరికి రాయి తొట్టి అడుగున కూర్చుంది. ఇంటికొచ్చినవాళ్లు ఇంత మంచి తొట్టిలో ఆ మొరటు రాయి ఎందుకని అడుగుతుంటారు. నేను నోరు తెరిచేలోపే నా భార్య చెప్పేస్తుంది.

“అది మా ఆయన గెల్సింది.”